టేప్‌రికార్డు బెల్టు

మీ ఇంట్లో అటక మీద పాత టేప్‌రికార్డు ఉందా? పక్కన క్యాసెట్లు ఉన్నాయా? ఉంటే పాత సామాన్ల వాళ్లకు వేయకండి. ముందు ఆ క్యాసెట్ల మీద ఏం రాసి ఉందో చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా!

కొన్నింటి మీద సినిమా పేరు ఉంటుంది. కొన్నింటి మీద ఏమీ ఉండదు. ఏమీ రాయని క్యాసెట్టే ఒక్కోసారి విలువైనది. 1980లలో, 1990లలో కరీంనగర్ జిల్లా నుంచి ఎంతోమంది దుబాయి, మస్కట్ పోయారు. మన రామగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. 2016లో పెద్దపల్లి జిల్లాలో కలిసింది. ఉత్తరం రాయడం రానివాళ్లు తమ మాటలను క్యాసెట్‌లో నింపి, పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. అక్కడి నుంచీ అలాగే వచ్చేవి. చనిపోయిన అత్తమ్మ గొంతు, ఆమె పాడిన బతుకమ్మ పాట అందులో ఉండవచ్చు.

కాని మీట నొక్కితే పాట సాగుతుంది. ఆడమనిషి గొంతు మొగోని గొంతు లెక్క వినబడుతుంది. "మిషన్ ఖరాబైంది, పారెయ్" అంటారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు ఖరాబైంది మిషన్ కాదు. లోపలి రబ్బరు బెల్టు.

కుట్టు మిషన్ తొక్కే అక్కలకు ఈ సంగతి తెలుసు. కింద పెద్ద చక్రం తిరిగితే, తోలు బెల్టు పై చక్రాన్ని తిప్పుతుంది. బెల్టు వదులైతే కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, సూది ఆగిపోతుంది. బాయిలో బొగ్గు మోసే బెల్టు కూడా అంతే. డ్రమ్మును గట్టిగా పట్టుకుంటేనే కదులుతుంది.

టేప్‌రికార్డులో చిన్న మోటారు ఉంటుంది. బెల్టు దాని నుంచి ఒక బరువైన చక్రానికి పోతుంది. ఆ చక్రం ఇరుసు టేపును సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున గుంజుతుంది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. క్యాసెట్ పాటలకు లోకమంతా ఇదే వేగం. రబ్బరు ఏళ్లు గడిస్తే సాగుతుంది, పగులుతుంది, లేదా తారులా కరుగుతుంది. వాడకుండా పెట్టినా పాడవుతుంది.

గుర్తుపట్టడం ఎట్లా? ముందు కొత్త సెల్లులు వేసి చూడండి. సెల్లులు అయిపోయినా పాట సాగుతుంది. తర్వాత గడియారం పెట్టుకోండి. 60 అని రాసిన క్యాసెట్ ఒక పక్క సుమారు 30 నిమిషాలు నడవాలి. 31 అయినా పర్వాలేదు. 35 అయితే బెల్టు జారుతున్నదేమో చూడాలి. మోటారు చప్పుడు వస్తుంది కాని చక్రాలు తిరగవు, అంటే బెల్టు తెగి ఉంటుంది. టేపు బయటికి వచ్చి చుట్టుకుంటుంటే వెంటనే ఆపండి. మోటారు చప్పుడే లేకపోతే అది బెల్టు పని కాదు, రిపేరు చేసేవాళ్లకు చూపించాలి.

ఇక విప్పుదాం. ప్లగ్గు పీకండి, సెల్లులు తీయండి. ఇది మరువద్దు. ప్లగ్గు పీకినా కరెంటు వైరు వచ్చి కలిసే భాగాన్ని ముట్టవద్దు. స్క్రూలు ఒక గిన్నెలో వేయండి. బెల్టు ఏ చక్రం మీది నుంచి ఎటు పోతుందో కాగితం మీద బొమ్మ గీసుకోండి. పెద్ద చక్రం మీద ఒక రేకు పట్టీ ఉంటే, దాని స్క్రూలు వదులు చేసి బెల్టును తీయాలి.

దుకాణంలో పాత బెల్టు ఒక్కటే చూపితే అంతే పొడుగుది ఇస్తారు. అది సాగిపోయిన పొడుగు! కాబట్టి బెల్టు పోయే దారిలో ఒక దారం చుట్టి కొలవండి. దారం 20 సెంటీమీటర్లు వస్తే, బెల్టు చుట్టు కొలత 19 ఉండాలి. మరీ బిగుతైతే మోటారు మీద బరువు పడుతుంది. పాతది పలకలుగా ఉంటే పలకలది, పట్టీ లెక్క ఉంటే పట్టీదే అడగండి. కొందరు మామూలు రబ్బరు బ్యాండు వేస్తారు. నాకు అది నచ్చదు. రెండు రోజులు నడుస్తది, గొంతు ఊగుతది.

చక్రాలకు అంటిన నల్లటి జిగటను దూది, స్పిరిట్‌తో తుడవండి. అప్పుడు పొయ్యి దగ్గర కూర్చోవద్దు, స్పిరిట్ అంటుకుంటుంది. కిరోసిన్ వద్దు. కొబ్బరినూనె చేతులతో కొత్త బెల్టును పట్టుకోవద్దు. జిడ్డు తగిలితే బెల్టు జారుతుంది.

అత్తమ్మ క్యాసెట్‌ను మొదటే వేయకండి. పోయినా బాధలేని సినిమా పాటల క్యాసెట్ వేసి చూడండి. అది బాగా నడిచాకే ఆమెది వేయండి. క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఎవరు పొరపాటున మీట నొక్కినా పాత మాటలు చెరగవు. పైన కాగితం అంటించి, ఎవరి గొంతో, ఏ ఏడాదిదో మీ చేత్తో రాయండి.

లెక్క చేయండి: 90 అని రాసిన క్యాసెట్ ఒక పక్క ఎన్ని నిమిషాలు నడవాలి? మీ ఇంట్లో అది 52 నిమిషాలు నడిచింది. ఎన్ని నిమిషాలు ఎక్కువ?