మ్యూఆన్ లెక్క ఎలా సరిపోతుంది?

ఎలక్ట్రాన్ మనందరికీ తెలిసిందే. దానికి మ్యూఆన్ అని ఒక అన్న ఉన్నాడు. ఇద్దరిదీ ఒకటే ఋణావేశం. మ్యూఆన్ ద్రవ్యరాశి మాత్రం సుమారు 207 రెట్లు ఎక్కువ. సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే. తర్వాత బలహీన అన్యోన్యచర్య వల్ల ఇలా విడిపోతుంది:

మ్యూఆన్ → ఎలక్ట్రాన్ + మ్యూఆన్ న్యూట్రినో + ఎలక్ట్రాన్ యాంటీ న్యూట్రినో

ఇక్కడొక సందేహం. మ్యూఆన్ తిన్నగా ఎలక్ట్రాన్, గామా కిరణంగా ఎందుకు మారకూడదు? ఆవేశం సరిపోతుంది, శక్తీ సరిపోతుంది. అయినా అలా మారడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మన హాస్టల్ స్టోర్ రిజిస్టరు గుర్తు తెచ్చుకోండి. బియ్యానికి ఒక పేజీ, కందిపప్పుకి ఒక పేజీ. బియ్యం తగ్గితే "పప్పు ఎక్కువుంది కద సార్" అంటే వార్డెన్ గారు ఊరుకోరు! ఈ కణాలకూ అలాగే విడి పేజీలు. ఎలక్ట్రాన్‌కి, దాని న్యూట్రినోకి ఎలక్ట్రాన్ సంఖ్య +1. మ్యూఆన్‌కి, దాని న్యూట్రినోకి మ్యూఆన్ సంఖ్య +1. ప్రతికణాలకు −1. ఇవే క్వాంటం సంఖ్యలు.

ముందు: ఎలక్ట్రాన్ సంఖ్య 0, మ్యూఆన్ సంఖ్య 1.
తర్వాత: ఎలక్ట్రాన్ సంఖ్య 1 + 0 − 1 = 0, మ్యూఆన్ సంఖ్య 0 + 1 + 0 = 1. సరిపోయింది.
గామా కిరణం వస్తే: ఎలక్ట్రాన్ సంఖ్య 1, మ్యూఆన్ సంఖ్య 0. రెండు పేజీలూ తప్పు.

ఇది ఊహించి రాసుకున్న లెక్క కాదు. 1962లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో లెడర్‌మన్, ష్వార్ట్జ్, స్టైన్‌బర్గర్ బృందం మ్యూఆన్లతో కలిసి పుట్టిన న్యూట్రినోలను 13 మీటర్లకు పైగా మందమున్న ఉక్కు గుండా పంపి, అల్యూమినియం పలకలకు తగలనిచ్చింది. న్యూట్రినోలు ఒకే రకమైతే ఎలక్ట్రాన్లూ మ్యూఆన్లూ సమానంగా రావాలి. వచ్చినవి దాదాపు అన్నీ మ్యూఆన్లే! అంటే న్యూట్రినోలు రెండు రకాలన్నమాట. ఈ ముగ్గురికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. టౌ అనే మూడో జాతి కూడా ఉంది. 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే ప్రయోగంలో, మ్యూఆన్ న్యూట్రినోలు ప్రయాణంలో జాతి మారుతున్నాయని తేలింది. కందిపప్పు బస్తా దారిలో బియ్యం బస్తా అయినట్టు! కాబట్టి విడి పేజీల నియమం పూర్తిగా నిలవదు. మొత్తం బస్తాల లెక్క తప్పినట్టు మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు. అదీ తప్పుతుందేమోనని శాస్త్రవేత్తలు వెతుకుతూనే ఉన్నారు. నియమం ఎంత పెద్దదైనా ప్రయోగం ముందు నిలబడాల్సిందే.

ఇప్పుడు మీ వంతు. న్యూట్రాన్ విడిపోతే ప్రోటాన్, ఎలక్ట్రాన్, ఇంకొకటి వస్తాయి. ఆ మూడోది న్యూట్రినోనా, యాంటీ న్యూట్రినోనా? రిజిస్టరు వేసి చూడండి. జవాబు వచ్చే సంచికలో!