ఆట మారితే ఏం మారింది? – ఒక చర్చా పాఠం



చర్చ అనగానే మనలో చాలామందిమి "పాతదే మేలు" అనో, "కొత్తదే మేలు" అనో ఒక పక్షం పట్టుకుని గొంతు పెంచుతాం. వక్తృత్వ పోటీలో గానీ, ఉద్యోగాల కోసం జరిగే గ్రూప్ డిస్కషన్‌లో గానీ ఈ పద్ధతి నిలవదు. ఒక మార్పును ఎలా తూచాలో తెలుసుకోవడానికి మేము కంప్యూటర్ ఆటల నుండి ఒక ఉదాహరణ తీసుకుంటున్నాము. ఆటలు ఆడనివారికి కూడా అర్థం కావాలన్నదే మా ప్రయత్నం.

రెండు ఆటల పరిచయం

అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 2002లో 'మారోవిండ్', 2006లో 'ఒబ్లివియన్' అనే ఆటలను విడుదల చేసింది. ఇవి 'ది ఎల్డర్ స్క్రోల్స్' వరుసలో మూడవది, నాలుగవది. రెండింటి తయారీకీ నాయకత్వం వహించినవారు టాడ్ హోవర్డ్. రెండింటిలోనూ మనం ఖైదీగా మొదలై, విడుదలై, ఒక పెద్ద లోకంలో ఇష్టం వచ్చినట్లు తిరుగుతూ ఎదుగుతాం. కథ కంటే ఆడే తీరులో వచ్చిన మార్పులపైనే అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వాటిలో మూడింటిని పరిశీలిద్దాం.

1. దెబ్బ తగలడం

మారోవిండ్‌లో కత్తి శత్రువుకు తాకినట్లు కంటికి కనిపించినా దెబ్బ తగలకపోవచ్చు. పాత్రకున్న నైపుణ్యం, చురుకుదనం, అదృష్టం, అలసట – వీటిని బట్టి ఆట లోపల పాచిక వేసినట్లు లెక్క కడుతుంది. ఒబ్లివియన్‌లో కత్తి తాకితే దెబ్బ తగిలినట్లే. నైపుణ్యం పెరిగితే దెబ్బ బలం పెరుగుతుంది. "పాత్ర సామర్థ్యానికి విలువ తగ్గింది" అని ఒక పక్షం అంటుంది. "కళ్ల ముందు జరిగేదానికీ ఫలితానికీ పొంతన కుదిరింది" అని రెండవ పక్షం అంటుంది. ఇక్కడ మేము రెండవ పక్షమే.

2. దారి వెతకడం

మారోవిండ్‌లో దారి మాటల్లో చెబుతారు. ఏ వంతెన దాటాలో, ఏ దిక్కుకు తిరగాలో డైరీలో చదువుకుని, పరిసరాలు గమనిస్తూ వెళ్లాలి. ఒబ్లివియన్‌లో దిక్సూచి మీద బాణం గుర్తు గమ్యాన్ని చూపిస్తుంది. పెద్ద నగరాలకు, ఒకసారి చూసిన చోట్లకు మ్యాప్ మీద నొక్కి క్షణంలో చేరవచ్చు. సమయం తక్కువ ఉన్నవారికి ఇది మేలే. అసలు నష్టం బాణం పెట్టడంలో లేదు. బాణం ఉంది కదా అని చాలాచోట్ల మాటల్లో దారి చెప్పడం మానేశారు. కనుక స్వయంగా వెతుక్కుందామనుకునేవారికి ఆధారం లేకుండా పోయింది. గైడు పుస్తకం ఉండటం తప్పు కాదు. అది వచ్చాక పాఠ్యపుస్తకమే కనబడకుండా పోతే తప్పు.

3. శత్రువుల బలం

అన్నిటికంటే వేడిగా వాదన జరిగింది దీని మీదే. మారోవిండ్‌లో చాలా ప్రమాదాలు ఉన్నచోటే ఉంటాయి. నేడు ఓడిపోయిన చోటికి రేపు బలం పుంజుకుని వెళ్లి గెలవవచ్చు. ఒబ్లివియన్‌లో మనతోపాటే శత్రువులూ ఎదుగుతారు. పై స్థాయికి వెళ్లాక మామూలు దారిదోపిడీ దొంగలు కూడా ఖరీదైన కవచాలతో ఎదురవుతారు. ఎక్కడికైనా ఎప్పుడైనా వెళ్లే స్వేచ్ఛ దీనివల్ల వచ్చింది. కానీ పడిన కష్టానికి ఫలం కనిపించదు. పైగా నైపుణ్యాలను లెక్క ప్రకారం పెంచుకోనివారు స్థాయి పెరిగినకొద్దీ వెనుకబడతారు. మెట్టు ఎక్కేకొద్దీ నిచ్చెన కూడా పొడుగవుతుంటే ఎక్కేవాడి మనసు ఎలా ఉంటుందో మన మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. ఈ విమర్శలో న్యాయం ఉంది. 2025లో వచ్చిన ఒబ్లివియన్ కొత్త రూపంలో స్థాయి పెరిగే పద్ధతిని మార్చి, ఆటగాడే తనకు కావలసిన గుణాలను పెంచుకునే వీలు కల్పించారు.

మనం నేర్చుకోవలసినది

ఒకే ఆటలో ఒక మార్పు మేలు చేసింది, ఒకటి సగం మేలు చేసింది, ఒకటి ఎక్కువ నష్టం చేసింది. అందుచేత మొత్తం మీద తీర్పు చెప్పే ముందు ప్రతి మార్పునూ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏది మారింది? ఏ ఇబ్బంది తీర్చడానికి మార్చారు? ఎవరికి లాభం? ఎవరికి నష్టం?

సిలబస్ మారినా, పరీక్షా విధానం మారినా, మన హాస్టల్ నియమం మారినా ఈ నాలుగు ప్రశ్నలే మనకు ఆయుధాలు. "అంతా చెడిపోయింది" అనేవాడి మాట ఎవరూ వినరు. "ఇది బాగుంది, ఇది మాత్రం ఫలానావారికి నష్టం, ఇలా సరిచేయండి" అనేవాడి మాటను ఎంతటివారైనా ఆలకించక తప్పదు. వచ్చే చర్చా పోటీలో మిత్రులందరూ ఈ పద్ధతిని ప్రయత్నించాలని కోరుతున్నాము.