పసిగుండెలో కవాటం

మన గుండెలో నాలుగు కవాటాలుంటాయి. రక్తాన్ని ముందుకు వదిలి, వెనక్కి రాకుండా మూసుకోవడం వాటి పని. కొందరు పిల్లలకు పుట్టుకతోనే కవాటం ఇరుకుగా ఉంటుంది, లేదా సరిగా మూసుకోదు. పాలు తాగుతూ ఆయాసపడటం, నుదుట చెమటలు, బరువు పెరగకపోవడం దీనికి గుర్తులు కావచ్చు. ఎకో పరీక్షతో తేలుతుంది.

ఇరుకు కవాటాన్ని చాలాసార్లు తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి వెడల్పు చేస్తారు. కుదరకపోతే శస్త్రచికిత్స చేస్తారు. వీలైనంతవరకు సొంత కవాటాన్నే బాగుచేస్తారు, అది బిడ్డతోపాటు పెరుగుతుంది గనుక. కృత్రిమ కవాటం పెరగదు. బాగుచేసినదీ మళ్లీ ఇరుకు కావచ్చు, అందుకే ఏళ్ల తరబడి పరీక్షలు అవసరం.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఎందరో పేద పిల్లలకు ఆపరేషన్ అందింది. ఆ తర్వాత బస్సు చార్జీకో, పోయే రోజు కూలికో జడిసి తల్లిదండ్రులు పరీక్ష మానుకోకూడదు. దాతలారా, ఆపరేషన్ నాడే కాదు, బిడ్డ పెద్దయ్యేదాకా మనం తోడుందాం.