పిస్టనుకు ఒక నూనె, స్లైడుకు వేరొకటి

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే బ్యాండు మేళం వాళ్లకు పగలూ రాత్రీ తేడా ఉండదు. పొద్దున ఒక ఊళ్లో ఊరేగింపు, రాత్రికి మరో ఊళ్లో బరాత్. పాట మధ్యలో ట్రంపెట్ రెండో పిస్టన్ పట్టేసి పైకి లేవకపోతే వేలు ఎంత సాధన చేసినదైనా లాభం లేదు. అప్పుడు చేతికందిన నూనె ఏదో రెండు చుక్కలు పోసి పని గడిపేవాళ్లే ఎక్కువ. ఆ పూట గడుస్తుంది, వాయిద్యం ఆయుష్షు తగ్గుతుంది.

పిస్టనుకూ అది కదిలే గొట్టానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతులతో కొలిచేంత సన్నం. ఆ సందులో నూనెకు రెండు పనులు ఉంటాయి. లోహం లోహాన్ని ఒరుసుకోకుండా కాపాడాలి, ఊదిన గాలి పక్కకు కారకుండా మూయాలి. అందుకే బిగుతుగా ఉన్న కొత్త వాయిద్యానికి పల్చటి నూనె, ఏళ్ల తరబడి వాయించి అరిగినదానికి కాస్త చిక్కటి నూనె కావాలి. యమహా వాల్వు (పిస్టన్) ఆయిల్ లైట్, రెగ్యులర్, వింటేజ్ అని మూడు రకాలుగా వస్తుంది. హెట్‌మన్ పిస్టన్ నూనెలకు 1, 2, 3 అంకెలుంటాయి, అంకె పెరిగేకొద్దీ నూనె చిక్కనవుతుంది. మీరట్‌లోని వాయిద్యాల బజారు జలీ కోఠీలో కొన్నదైనా, విదేశీ కంపెనీదైనా, పేరును బట్టి కాక అరుగుదలను బట్టే నూనె ఎంచుకోవాలి.

అరుగుదల తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మూడో వాల్వు స్లైడును, ఆ వాల్వు నొక్కకుండా, కొద్దిగా బయటికి లాగి రెండు మూడు క్షణాలు ఆగండి. తర్వాత వాల్వు నొక్కండి. 'టప్'మని చప్పుడు వస్తే గాలి కారడం లేదు, పల్చటి నూనె సరిపోతుంది. చప్పుడే రాకపోతే చిక్కటి వింటేజ్ రకం వేసి చూడండి. ఊదడం తేలికైందని పెదవులకే తెలుస్తుంది.

పెట్రోలియం నూనెలు చురుగ్గా పనిచేస్తాయి కానీ త్వరగా ఆరిపోతాయి. సింథటిక్ రకాలు ఎక్కువసేపు నిలుస్తాయి. మే నెల ఎండలో గంటల తరబడి రోడ్డు మీద వాయించేవాళ్లకు నేను సింథటిక్కే చెబుతాను. ఖరీదు ఎక్కువైనా మాటిమాటికీ పోయక్కర్లేదు. ఒకదాని మీద ఇంకొకటి మాత్రం పోయకండి. కొన్ని రకాలు కలిస్తే బంకగా మారతాయి. మార్చాలనుకుంటే పాతదంతా కడిగేశాకే మార్చండి.

ఇంట్లో దొరికే నూనెల సంగతి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, చలికాలం రాత్రి బరాత్‌లో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కిరోసిన్ త్వరగా ఆరిపోయి పిస్టన్‌ను పొడిగా వదిలేస్తుంది, దాని వాసన నోటి దగ్గర భరించడం కష్టం. కుట్టుమిషను నూనె ఇంత సన్నటి సందుకు మందమైనది. తుప్పు వదిలించే స్ప్రేలు తలుపు బందులకు పనికొస్తాయి, పిస్టన్లకు పనికిరావు.

ట్రాంబోన్ స్లైడు వ్యవహారం పూర్తిగా వేరు. లోపలి గొట్టాల చివర కొంత భాగం మిగతాదానికన్నా రవ్వంత లావుగా ఉంటుంది, బయటి గొట్టాన్ని తాకేది ప్రధానంగా అదే. పల్చటి వాల్వు ఆయిల్ అక్కడ నిలవదు, జారిపోతుంది. అందుకే వాయిద్యకారులు క్రీమూ నీళ్లూ వాడతారు. పూర్వం పాండ్స్ కోల్డ్ క్రీమే రాసుకున్న ట్రాంబోన్ వాద్యకారులు చాలామంది ఉన్నారు. ఇప్పుడు సూపర్‌స్లిక్, స్లైడ్-ఓ-మిక్స్ వంటివి దీనికోసమే తయారవుతున్నాయి. ఆ లావు భాగానికి మాత్రమే కాస్త రాసి, నాలుగైదుసార్లు ఆడించి, మిగిలింది తుడిచేయాలి. ఎక్కువ రాస్తే బరువెక్కుతుంది. పైన చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చల్లితే క్రీము మీద నీటి బొట్లు నిలిచి స్లైడు జారిపోతూ కదులుతుంది. బోరు నీళ్లు వద్దు, ఆరాక సున్నపు పొర మిగులుతుంది. తాగడానికి కొన్న నీళ్లు చాలు. ఎండలో పాట పాటకూ ఒకసారి చల్లుకోండి.

స్లైడును నిటారుగా పట్టుకుని తాళం తీస్తే, బయటి గొట్టం దానంతట అదే కిందికి జారాలి. కింద ఇంకో చెయ్యి పట్టి ఉంచండి, పడిపోతే సొట్ట ఖాయం. కడిగి, క్రీము రాసినా మధ్యలో ఆగుతుంటే సొట్టో, వంకరో ఉన్నట్టే. దానికి ఏ క్రీమూ మందు కాదు, రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

శృతి సరిచేసే స్లైడులకు చిక్కటి గ్రీజు. అవి కదలకుండా నిలబడటమే మనకు కావలసింది. ట్రంపెట్‌లో వాయిస్తూ వేలితో జరిపే మూడో స్లైడుకు మాత్రం పల్చటి గ్రీజు కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం శుభ్రత. టీ, కూల్‌డ్రింకు తాగి నోరు పుక్కిలించకుండా ఊదితే ఆ చక్కెర నేరుగా గొట్టాల్లోకి వెళ్తుంది. గుట్కా నమిలితే చెప్పనే అక్కర్లేదు. మురికి మీద నూనె పోస్తే మురికి కదిలి పిస్టన్‌ను గీస్తుంది. సీజనులో కనీసం నెలకోసారి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవంతో కడగండి. వేడినీళ్లు వద్దు, పైపూత లేస్తుంది. పిస్టన్లను విడిగా తీసి, ఫెల్ట్ తడవకుండా, మెత్తటి గుడ్డతో తుడవండి. ఒక్కోదాని మీద 1, 2, 3 అంకెలుంటాయి, ఒకదాని గూట్లో ఇంకొకటి పెట్టకండి. నూనె వేసేటప్పుడు అడుగు మూత రంధ్రంలోంచి పోయడం చాలాచోట్ల అలవాటు, దానివల్ల అడుగున చేరిన మడ్డి పైకెక్కుతుంది. పై మూత విప్పి, పిస్టన్‌ను సగం లేపి, నాలుగైదు చుక్కలు దాని ఒంటి మీదే వేసి, గాడిలో 'టిక్'మని కూర్చునేదాకా తిప్పండి.

ఈ సీసాలు పిల్లలకు అందకుండా పెట్టండి. పెట్రోలియం నూనె మింగినా, ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రమాదం. పొరపాటున తాగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.