తేనె పూసిన కత్తి

చెన్నై నగరానికి ఉత్తరాన, కుశస్థలి నది బంగాళాఖాతంలో కలిసే చోట ఎన్నూరు ఉన్నది. పొగ అంటే ఏమిటో అక్కడి ప్రజలకు చెప్పనక్కరలేదు. విద్యుత్ కేంద్రాల బూడిదను, కర్మాగారాల పొగను వారు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు. 2023 డిసెంబరులో ఒక రాత్రి అమ్మోనియా వాయువు వెలువడినప్పుడు, ఘాటైన వాసన తగలగానే పెరియకుప్పం వాసులు ఇళ్లు విడిచి పరుగెత్తారు. చెడ్డ వాసన ప్రమాదాన్ని ముందే చెబుతుంది. మంచి వాసనతో వచ్చే ప్రమాదాన్ని గుర్తించేది ఎట్లా?

ఎన్నూరులో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తొమ్మిదవ తరగతి చదివే మనుమడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. "ఏమిరా, ఇది మామిడిపండ్ల కాలం కాదే! ఈ వాసన ఎక్కడిది?" అని నాయనమ్మ అడిగింది. "ఏమీ లేదు నాయనమ్మా, ఒట్టి ఆవిరి" అన్నాడు మనుమడు. వాని జేబులో పెన్ను వంటి పరికరం ఉన్నది. అదే ఈ-సిగరెట్. దానిని పీల్చడాన్ని వేపింగ్ అంటారు.

అది ఒట్టి ఆవిరి కాదు. ఆ పరికరంలో చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగ, ఒక ద్రవం ఉంటాయి. ద్రవంలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, పరిమళ ద్రవ్యాలు కలుపుతారు. చాలావాటిలో పొగాకులోని నికోటిన్ కూడా ఉంటుంది. తీగ వేడికి ద్రవం సన్నని తుంపరలుగా మారి ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడి నుండి నికోటిన్ నెత్తురులో కలిసి, కొద్ది సెకన్లలోనే మెదడును తాకుతుంది.

మనం తిన్న అన్నం చక్కెరగా మారి, కణాలకు శక్తినిస్తుంది. ఇటువంటి మార్పులన్నింటినీ కలిపి జీవక్రియ అంటారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్కేతో కలిసి, కండరాలలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను గురించి 1927లో లోకానికి తెలిపారు. ఇంత చక్కని ఏర్పాటును నికోటిన్ కలత పెడుతుంది.

నికోటిన్ ప్రేరణ వలన మూత్రపిండాలపై ఉన్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను నెత్తురులోకి వదులుతుంది. ఆ చక్కెరను కణాలలోకి చేర్చవలసినది క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్. నికోటిన్ అలవాటైన శరీరంలో కణాలు ఇన్సులిన్‌కు సరిగా లోబడవు. ఎన్నూరు మొగ ఇసుకతో పూడితే పడవలు లోపలికి రాలేక నిలిచిపోయినట్లు, చక్కెర నెత్తురులోనే నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి ఇట్లా జరిగితే మధుమేహానికి దారి ఏర్పడుతుంది.

సిగరెట్ తాగేవారికి రెండవ రకం మధుమేహం వచ్చే అవకాశం 30 నుండి 40 శాతం ఎక్కువ అని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తెలిపింది. ఈ-సిగరెట్ కొత్త వస్తువు. దాని దీర్ఘకాల ఫలితాలను శాస్త్రజ్ఞులు ఇంకా పరిశీలిస్తున్నారు. కాని అందులోని నికోటిన్ పాతదే, దాని పనీ పాతదే. "ఆకలి తగ్గుతుంది, సన్నబడవచ్చు" అని కొందరు దానిని పీలుస్తారు. ఆకలి చంపుకొనడం ఆరోగ్యం కాదు. పైగా ఎదిగే వయసులో ఈ వ్యసనం త్వరగా పట్టుకుంటుంది.

తమిళనాడు 2018లో, భారతదేశం 2019లో ఈ-సిగరెట్లను నిషేధించాయి. వీటిని అమ్మినవారికి మొదటి తప్పుకే ఒక సంవత్సరం వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఆ రాత్రి నాయనమ్మ ఎప్పటివలె ఇన్సులిన్ సూది వేసుకొన్నది. "ఈ జబ్బును నేను కోరి తెచ్చుకోలేదురా. నీవు కోరి తెచ్చుకుంటావా?" అన్నది. మనుమడు తల దించుకొన్నాడు. మరునాడు ఆ పరికరాన్ని ఉపాధ్యాయుని చేతికిచ్చి, జరిగినదంతా చెప్పాడు. ఉపాధ్యాయుడు వానిని కోప్పడలేదు. పొగాకు మానదలచినవారికి సలహాలిచ్చే 1800-11-2356 అనే ఉచిత ఫోను సంఖ్యను వ్రాసి ఇచ్చాడు.

కఠిన పదాలు
మొగ = నది సముద్రంలో కలిసే చోటు
క్లోమం = ఇన్సులిన్‌ను తయారుచేసే అవయవం
వ్యసనం = విడువలేని చెడు అలవాటు

ప్రశ్నలు
1. ఈ-సిగరెట్ నుండి వచ్చేది ఒట్టి ఆవిరి కాదని ఎట్లా చెప్పగలం?
2. చక్కెర నెత్తురులో నిలిచిపోవడాన్ని రచయిత దేనితో పోల్చారు?
3. ఈ పాఠానికి "తేనె పూసిన కత్తి" అనే పేరు తగినదేనా? చర్చించండి.