కంప్యూటరు చిట్టా: మార్పులపై తగవులు

దుకాణంలో చిట్టా చేసే పనినే కంప్యూటరు ప్రోగ్రాములో ‘లాగ్’ చేస్తుంది. ఎప్పుడు ఏమి జరిగినదీ, ఎక్కడ లోపం తలెత్తినదీ వరుసగా వ్రాసిపెడుతుంది. లాగ్ అనగా దుంగ. పూర్వం నావికులు కొయ్యముక్కను నీటిలో విడిచి, ఓడ వేగాన్ని కొలిచి పుస్తకంలో వ్రాసుకొనేవారు గనుక ఆ పుస్తకానికి ఆ పేరు స్థిరపడింది. ఈ వ్యాసంలో దానిని చిట్టా అనే వ్యవహరిద్దాం.

చిట్టాను మనుషులే చదువుతారనుకోరాదు. పెద్ద సంస్థలలో వేరొక ప్రోగ్రాము దానిని నిరంతరం చదువుతూ, ప్రమాదసూచన కనబడగానే అర్ధరాత్రి అయినా ఉద్యోగిని నిద్రలేపుతుంది. (మన సభ్యులలో కొందరికి ఈ అనుభవం కొత్త కాదు.) పైథాన్ భాషలోని చిట్టా విభాగం కాలాన్ని ముద్రించేటప్పుడు సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య చుక్కకు బదులు కామా ఉంచుతుంది. చూడడానికి వింతే. కాని ఆ కామాను నమ్ముకొని వ్రాసిన ప్రోగ్రాములకు, దానిని ‘సరిదిద్దిన’ నాడు చూపు పోతుంది. లోపాలు జరుగుతూనే ఉంటాయి, హెచ్చరిక మాత్రం రాదు.

పైథాన్‌లోనే ఇటువంటి ఉదంతం ఒకటి జరిగింది. 2003లో వెలువడిన 2.3 కూర్పుతో చిట్టా విభాగం ఆ భాషలో చేరింది. అందులో సందేశాల తీవ్రతకు అంకెలున్నాయి: డీబగ్ 10, ఇన్‌ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ‘గెట్‌లెవెల్‌నేమ్’ అనే ఫంక్షనుకు 20 ఇస్తే ఇన్‌ఫో అనే పేరు వస్తుంది. తలక్రిందులుగా పేరు ఇచ్చినా అంకె వచ్చేది. ఈ రెండవ గుణాన్ని నిర్మాతలు ఎక్కడా ప్రకటించలేదు, ఫంక్షను పేరుకు అది విరుద్ధం కూడా. పొరపాటుగా భావించి, 2014 మార్చిలో వచ్చిన 3.4 కూర్పులో దానిని తొలగించారు. అటుపిమ్మట ఇన్‌ఫో అని అడిగితే 20కి బదులు ‘లెవెల్ ఇన్‌ఫో’ అనే మాట వచ్చేది. ఆ మాటనే తీవ్రతగా అమర్చబోతే, అట్టి స్థాయి తెలియదంటూ దోషం ఎదురయ్యేది.

ప్రకటించని గుణాన్ని వాడుకొనడం వాడుకరి తప్పేనని వాదించవచ్చు. పదేళ్లు నడిచిన దారిని ముందు చెప్పకుండా మూసివేయడమూ తప్పే. అమరికలలో మనిషి వ్రాసేది పేరు, యంత్రానికి కావలసినది అంకె. కనుక ఆ అవసరం కల్పితం కాదు, నా దృష్టిలో రెండవ వాదానికే బరువెక్కువ. అదే ఏడు అక్టోబరులో, 3.4.2 కూర్పులో, పాత గుణాన్ని తిరిగి చేర్చారు. అది పొరపాటేనన్న మాటను మాత్రం పత్రాలలో అలాగే ఉంచారు! పేర్లకు అంకెలను తెలిపే ప్రత్యేక ఫంక్షను 2022లో, 3.11తో వచ్చింది.

అయితే పాతదానిని కాపాడడం ఎల్లప్పుడూ క్షేమమేనా? జావా భాషకు చెందిన లాగ్‌ఫోర్‌జెలో, చిట్టాకెక్కే సందేశంలో ఒక ప్రత్యేక సంకేతం ఉంటే దానిని అనుసరించి దూరపు కంప్యూటరును సంప్రదించే సౌకర్యం 2013లో చేరింది. అపరిచితుడు టైపు చేసిన అక్షరాలు చిట్టాకు చేరినా చాలు, అవే ఆజ్ఞలయ్యేవి. 2021 డిసెంబరులో ఈ సంగతి బయటపడినప్పుడు దాని తీవ్రతను పదికి పదిగా లెక్కించారు. తమకు నచ్చకపోయినా పాత వాడుకరుల కోసమే ఆ సౌకర్యాన్ని ఉంచవలసి వచ్చిందని నిర్వాహకులలో ఒకరు చెప్పుకొన్నారు. సందేశాలలోని అట్టి సంకేతాలను పాటించే గుణాన్ని ఆ నెల 13న వచ్చిన 2.16.0 కూర్పులో పూర్తిగా తీసివేశారు.