నారి మీద బాణం నిలవాలంటే



మేనల్లుడూ, నీ ఉత్తరం మీ మామయ్యకి చేరింది. పెన్సిల్వేనియా అడవిలో పొద్దున్నే జింక దగ్గరదాకా వచ్చి నిలబడిందనీ, నువ్వు నారి లాగబోతుంటే బాణం జారి విల్లు పిడికి టక్కుమని తగిలిందనీ, ఆ చప్పుడుకి జింక తెల్లతోక ఎత్తి పొదల్లోకి దూకేసిందనీ రాశావు. దానికి మామయ్య ఏమీ బాధపడలేదు. జింకలు వస్తాయి, పోతాయి. బెంగ పట్టుకున్నది ఆఖరి పేరా చదివాకే. ఈసారి బాణాన్ని రబ్బరు బ్యాండుతో విల్లుకి బిగించి కూర్చుంటానన్నావు చూడు, అక్కడ. అత్తయ్య వచ్చి భోజనానికి లేవమన్నా లేవకుండా కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు మీ మామయ్య.

ఆ బ్యాండు సంగతి ముందు తేల్చుకుందాం. బాణం కొసన ఉన్న బ్రాడ్‌హెడ్ అంటే గడ్డం గీసుకునే బ్లేడంత పదునుది. దాని పక్కన రబ్బరు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. తెగకపోతే ఇంకా ప్రమాదం. జింక వచ్చిన ఆ క్షణంలో దాన్ని విప్పడం మరిచి నారి లాగావనుకో, బాణం ఒకవైపు, నారి ఒకవైపు లాగుతాయి. బాణం తోకన ఉన్న చీలిక, అంటే నాక్, నారిని వదిలేసిందా, విల్లు ఖాళీగా కొట్టుకుంటుంది. బాణంలోకి పోవలసిన బలమంతా విల్లు కొమ్మల్లోనే మిగిలిపోతుంది. చెక్కా, ఫైబర్‌గ్లాసూ కలిపి అతికిన పాత రికర్వ్ విల్లు అలాంటి దెబ్బకి పొరలు విడిపోతుంది, ఒక్కోసారి చేతిలోనే విరుగుతుంది. నీ దగ్గరున్న విల్లు ఏ ఊళ్లో తయారైందో, ఎవరి చేతులమీదుగా నీ దాకా వచ్చిందో నీకు వేరే చెప్పక్కర్లేదు. విల్లు పోతే మరొకటి వస్తుంది. నీ కన్ను పోతే మీ అమ్మకి మామయ్య ఏం సమాధానం చెబుతాడు?

బాణం నారి మీద నిలవడానికి కట్టు అక్కర్లేదు, నాక్ కుదరాలి. మిగతావన్నీ దాని తరవాతే.

బాణం తోకన ఉన్న ఆ చిన్న చీలిక నారిని ఎంత బిగువుగా పట్టుకుంటుందో చూడడం తేలిక. విల్లుని అడ్డంగా, నారి కిందికి వచ్చేలా పట్టుకో. బాణాన్ని నారికి తగిలించి వదిలెయ్యి. మొన కిందికి వేలాడాలి, పడకూడదు. ఇప్పుడు నారిమీద వేలితో చిన్నగా తట్టు. అప్పుడు జారి పడాలి. తట్టకముందే పడితే వదులు, గట్టిగా కొట్టినా పడకపోతే బిగువు ఎక్కువ. వదులైతే అడవిలో చెయ్యి వణికినా, గాలి వీచినా బాణం నారిని వదిలేస్తుంది. బిగువైతే వదిలేటప్పుడు బాణం ఒక్కోసారి ఒక్కోలా బయల్దేరుతుంది. ఈ పరీక్ష బ్రాడ్‌హెడ్ ఉన్న బాణంతో చెయ్యకు. మామూలు గురిమొన పెట్టుకుని, కింద దుప్పటి పరుచుకుని చెయ్యి.

మామయ్యకి ఇది నేర్పింది డెట్రాయిట్ దగ్గర పాత ఇంటి పక్కనుండే పెద్దాయన. కార్ల కంపెనీలో టూల్‌మేకర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మైక్రోమీటర్ లేకుండా ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు. నారి మధ్యలో చుట్టే సర్వింగ్ దారాన్ని కూడా అంగుళంలో వెయ్యో వంతు లెక్కన కొలిచేవాడు. ఒకటే నాక్, ఒకటే నారి, మధ్యలో దారం కాస్త లావైనా, సన్నమైనా పట్టు ఎలా మారుతుందో గరాజ్‌లో చూపించాడు. అప్పటికి మీ మామయ్య ఈ దేశానికి కొత్త. మాట సరిగా అర్థమయ్యేది కాదు, వేళ్లు చూసి నేర్చుకున్నాడు. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన చుట్టిన నారి ఒకటి ఇంకా మామయ్య డ్రాయర్లో ఉంది.

మన ఊరి కొబ్బరితోటలో జరిగిన సంగతి ఒకటి గుర్తొస్తోంది. శ్రీరామనవమి పందిట్లో నాటకం. రాముడి వేషం కట్టినాయన బంగారు రంగు వేసిన విల్లు ఎత్తి బాణం సంధించేసరికి, ఆ బాణం కాస్తా జారి హార్మోనియం పెట్టెమీద పడింది. వెదురు బాణానికి చీలికే లేదు మరి. మర్నాడు వడ్రంగి దాని తోకన రంపంతో గాటు పెట్టాడు. అదీ చాల్లేదు. గాటు వెడల్పయింది, నారి సన్నం. అప్పుడు నారి నడుమ నూలు దారం చుట్టుకుంటూ, బాణం పెట్టి చూసుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ కుదిర్చాడు. ఆ రాత్రి సముద్రుణ్ణి బెదిరించే రంగంలో రాముడు ఎంతసేపు నిలబడ్డా బాణం కదల్లేదు. పందిరి రాట పక్కన కూర్చుని అదంతా చూసిన కుర్రవాడు మీ మామయ్య. గోదావరి పక్కన వడ్రంగీ, డెట్రాయిట్‌లో టూల్‌మేకరూ ఒకే పని చేశారు. నువ్వూ అదే చెయ్యాలి: దారం చుట్టు, పెట్టి చూడు, మళ్లీ చుట్టు. నాక్ సన్నబడేలా వేడిచేసి వంచుదామని మాత్రం అనుకోకు, అది పగిలి నారి మీదే ముక్కలవుతుంది.

ఒక సంగతి మరిచిపోకు అల్లుడూ. నీది పాతకాలం విల్లు. దానికి డాక్రాన్ నారే వాడాలి. ఇప్పటి సాగని దారాలతో చేసిన నారి వేగం ఇస్తుందని దుకాణంలో చెబుతారు. బలపరిచిన కొనలు లేని పాత విల్లు ఆ కుదుపు తట్టుకోలేదు, కొనల దగ్గర చీలుతుంది. డాక్రాన్ నారి లావుగా ఉంటుంది, అదీ మంచిదే. నాక్ ఎక్కడ తగిలించాలో గుర్తుకి పైన ఒక ఇత్తడి రింగు ఉంది కదా, కింద కూడా ఇంకొకటి, లేదా దారంతో ముడి వెయ్యి. బాణం నారి వెంట కిందికి జారకుండా ఉంటుంది. రెండింటికీ మధ్య నాక్ ఇరుక్కుపోకుండా వెంట్రుకవాసి సందు ఉంచు.

నాక్ కుదిరాక ఇక చేతి సంగతి. నువ్వు కుడిచేతి వాటం. మధ్యధరా పద్ధతిలో మూడు వేళ్లతో లాగుతావు, చూపుడు వేలు పైన, రెండు వేళ్లు కింద. కొత్తవాళ్లకి బాణం ఎడమకి తొలగిపోవడానికి కారణం చాలాసార్లు ఈ వేళ్లే. లాగుతూ లాగుతూ వేళ్లు ముడుచుకుంటాయి, నారి వాటితోపాటు మెలిక తిరుగుతుంది, బాణం ముందు భాగం, పిడిమీద అది ఆనే షెల్ఫ్ మీంచి పక్కకి లేస్తుంది. పైగా రెండు వేళ్లూ నాక్‌ని నొక్కేస్తాయి. లాగకముందే వేళ్లని కొక్కెంలా పెట్టుకుని, ఆ కొక్కేన్ని లాగేటప్పుడు మార్చకు. చేతి వెనకభాగం చదునుగా, వదులుగా ఉండాలి. చూపుడు వేలికీ నాక్‌కీ మధ్య కొంచెం ఎడం ఉంచు. వేళ్ల మధ్య అడ్డుబిళ్ల ఉన్న తోలు ట్యాబ్ దొరుకుతుంది, అది కొనుక్కో.

బొటనవేలితో లాగే జాతులకి ఈ బాధ తక్కువ. మంగోలులు, తురుష్కులు, మన దేశంలో మొగలులు బాణాన్ని విల్లుకి కుడివైపున పెట్టేవారు. బొటనవేలు నారిని పట్టుకుంటే, చూపుడు వేలి పక్క బాణాన్ని విల్లుకేసి నొక్కి ఉంచుతుంది. గుర్రం దౌడు తీస్తున్నా బాణం కదలనిది అందుకే. కాలిఫోర్నియాలో 1911లో ఒరోవిల్ దగ్గర బయటపడ్డ యాహీ తెగ మనిషి ఇషీది కూడా ఇంచుమించు బొటనవేలి పట్టే. శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ శాక్స్టన్ పోప్ అతని దగ్గర విల్లు నేర్చుకుని, 1923లో పుస్తకం రాశాడు. అమెరికాలో ఇవాళ విల్లుతో వేటాడేవాళ్లు చాలామంది ఆ పుస్తకం నుంచే తమ లెక్క మొదలుపెడతారు. ఇషీ 1916లోనే క్షయతో పోయాడు. తన వాళ్లంతా చనిపోయాక ఒక్కడే మిగిలినవాడు, తన విద్యని పరాయివాడికి అంత ప్రేమగా నేర్పాడంటే మామయ్యకి ఇప్పటికీ గొంతు పూడుకుంటుంది.

మీ అమ్మమ్మ చెప్పిన ఏకలవ్యుడి కథలో మనమెవ్వరం అడగని ప్రశ్న ఒకటి ఉంది. బొటనవేలు ఇచ్చాక ఏం చేశాడు? మిగతా వేళ్లతోనే బాణాలు వేశాడనీ, మునుపటి వేగం మాత్రం రాలేదనీ భారతం ఆదిపర్వంలో ఉంది. నీకు పదివేళ్లూ ఉన్నాయి, నువ్వు నేర్చుకున్న మూడువేళ్ల పద్ధతే చాలు. ఇప్పుడు మధ్యలో మార్చుకోవద్దు.

విల్లుని నిటారుగా పట్టుకోవడం కూడా బాణం పడడానికి కారణమే. పైకొమ్మని కొద్దిగా కుడికి వాల్చు. బాణం బరువు దాన్ని షెల్ఫ్ మూలలోకే నెడుతుంది, జారడానికి దారి ఉండదు. హవార్డ్ హిల్ విల్లుని వాల్చే పట్టేవాడు. 1938 రాబిన్ హుడ్ సినిమాలో బాణాలు వేసినాయన ఆయనే. షెల్ఫ్ మీద పలచటి తోలో, పొట్టి బొచ్చున్న చర్మమో అతికించు. నువ్వు విన్న ఆ టక్కుమన్న చప్పుడు ఉత్త చెక్కది. తోలు ఉంటే బాణం ఒకవేళ కదిలినా జింక చెవికి చేరదు.

ఎదురుచూసేటప్పుడు ఎడమచేతి చూపుడు వేలిని బాణం మీద ఆనించి ఉంచు. వందల ఏళ్లుగా వేటగాళ్లు చేసే పని ఇదే. లాగడం మొదలుపెట్టగానే వేలు పక్కకి తీసెయ్యాలి. బాణం నీ లాగుడు కంటే కనీసం ఒక అంగుళం పొడుగుండాలి, లేకపోతే పూర్తిగా లాగినప్పుడు బ్రాడ్‌హెడ్ ఆ వేలి దాకా వస్తుంది. ఇది మామయ్య అరిచి చెబుతున్నాడనుకో. ఇంట్లో, గురిమొనతో, కళ్లు మూసుకుని కూడా వేలు దానంతట అదే పక్కకి వెళ్లేదాకా అలవాటు చేసుకో. బాణాన్ని పట్టుకుని, లాగగానే వదిలేసే చిన్న చెయ్యిలాంటి పరికరాలు అమ్ముతారు. చలికి వేళ్లు కొంకర్లు పోయే నవంబరులో అవి పనికొస్తాయి, తప్పు లేదు. కానీ నాక్ వదులుగా ఉన్న విల్లుకి అలాంటిది తగిలిస్తే ముందుభాగం నిలబడుతుంది, తోక జారుతుంది. కాబట్టి ముందు నాక్.

(మళ్లీ నాకేనా అని నవ్వుకో, ఫరవాలేదు. అత్తయ్య కూడా ఇక్కడ నవ్వుతోంది.)

చెట్టుమీది స్టాండ్ ఎక్కేటప్పుడు మాత్రం బాణం నారి మీద ఉండనే కూడదు. ముందు ఒంటికి హార్నెస్ తగిలించుకో, తరవాత ఎక్కు. విల్లుని తాడుతో పైకి లాక్కో. బాణాలు మూత ఉన్న పొదిలోనే ఉండాలి. కూర్చున్నాకే ఒక్కటి తీసి పెట్టుకో. నడిచేటప్పుడూ అంతే. పై నుంచి బ్రాడ్‌హెడ్ జారితే కింద ఎవరున్నారో తెలియదు, దిగేటప్పుడు దానిమీదే పడేవాళ్లూ ఉంటారు.

నీ విల్లు చేసిన ఫ్రెడ్ బేర్ గురించి ఒక్క ముక్క. ఆయన 1927లో డెట్రాయిట్‌లో ఆర్ట్ యంగ్ తీసిన అలాస్కా వేట సినిమా చూసి విల్లు పట్టాడు. 1933లో కంపెనీ పెట్టి, 1947లో గ్రేలింగ్‌కి మార్చాడు. 1978లో అది ఫ్లోరిడా వెళ్లిపోయింది. మామయ్య మొదటిసారి గ్రేలింగ్ అడవుల్లోకి వెళ్లింది అక్టోబరులోనే. మిషిగన్‌లో విల్లు వేట అక్టోబరు 1న మొదలవుతుంది, నవంబరు 15న తుపాకులవాళ్లు వస్తారు. ఆ మధ్యలో అడవిలో ఆకు రాలే చప్పుడు కూడా వినిపిస్తుంది. నిన్ను అక్కడికి తీసుకెళ్లాలని ఎప్పటినుంచో ఉంది. వచ్చే ఏడాది సెలవు పెట్టు, ఎముకలు సహకరిస్తే ఇద్దరం వెళ్దాం.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు విల్లు ముచ్చట అక్కడ పెట్టకు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిజంతువుల వేట నేరం. తరతరాలుగా విల్లు పట్టిన నల్లమల చెంచులకే అది వర్తిస్తుంటే, సరదాకి పట్టేవాడికి మినహాయింపు ఎక్కడిది? గురిపందేలు వెయ్యి, అది అందరూ మెచ్చుకుంటారు.

ఈ వారం పార్శిల్‌లో మూడు లావుల సర్వింగ్ దారం, కొన్ని నాక్‌లు పంపుతున్నాడు మామయ్య. సన్నదానితో మొదలుపెట్టు. చుట్టి, వేలాడదీసి, తట్టి చూసి, ఏ దారానికి ఎలా పడిందో రాసి పంపు. అందాకా అడవికి వెళ్లకు. అమ్మకి బాణం పడిన సంగతి చెప్పావా? చెప్పకపోతే చెప్పకు, ఆ రబ్బరు బ్యాండు సంగతి అసలే వద్దు. స్వెట్టర్ వేసుకో, పొద్దున ఖాళీ కడుపుతో చెట్టెక్కకు.

ఇట్లు,
మీ మామయ్య